తండ్రి లైన్ మీద, కూతురు ఇంజనీరింగ్‌లో: లాటినో కుటుంబాలు ఒకే కంపెనీలో ఎదగాలంటే హెచ్‌ఆర్ చూసుకోవాల్సినవి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. టెక్సస్‌లో ఒక ఆహార తయారీ ప్లాంట్. ఒకవైపు టోర్టియా (మెక్సికన్ రొట్టె) లైన్లు, ఇంకోవైపు వండిన మాంసాన్ని ముక్కలు చేసి ప్యాక్ చేసే విభాగం. కార్మికుల్లో ఎక్కువమంది లాటినోలు, అంటే మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడోర్ మూలాలవారు. ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న ఒక లైన్ లీడ్ (లైన్ మీద తోటివాళ్లకు పని పంచే కార్మికుడు) కూతురు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి అక్కడే ప్రాసెస్ ఇంజనీరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పదిహేడేళ్ల కొడుకు వేసవి పని అడుగుతున్నాడు. ప్లాంట్ మేనేజరు బంధువులు వద్దే వద్దంటున్నారు. కార్పొరేట్ వాళ్లు మాత్రం ‘మనదంతా ఒకే కుటుంబం’ అంటూ ప్రచారం చేయమంటున్నారు. హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన మీరు ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరిదీ పట్టుకోకండి. బంధువులను పూర్తిగా నిషేధిస్తే మంచి ఇంజనీరు పక్క కంపెనీకి పోతుంది, ఉన్న బంధుత్వాలను జనం దాచిపెడతారు. నియమాలేమీ లేకుండా ‘కుటుంబం’ అంటే రెండేళ్లలో ఓవర్‌టైమ్ దగ్గర గొడవలు మొదలవుతాయి. పద్ధతి ఒక్కటే: బంధువు సిఫార్సు చేయవచ్చు, నిర్ణయం మాత్రం ఆ బంధువు చేతికి రాకూడదు. దీనికి రెండో సగం కూడా ఉంది, దాన్ని చాలా కంపెనీలు మర్చిపోతాయి. పిల్లలకు దారి వేసి, తండ్రిని పాతికేళ్లు అదే లైన్ మీద ఉంచేస్తే దాన్ని కుటుంబం ఎదగడం అనలేం.

ముందు చట్టం. ప్రైవేటు కంపెనీ బంధువులను ఉద్యోగంలోకి తీసుకోకూడదని అమెరికాలో ఫెడరల్ చట్టమేమీ లేదు. 1967లో వచ్చిన బంధుప్రీతి నిషేధం ఫెడరల్ ప్రభుత్వ అధికారులకే వర్తిస్తుంది. టెక్సస్‌లో ప్రభుత్వ చట్టసంహిత 573వ అధ్యాయం ఉంది కానీ అది నగరపాలక సంస్థలు, స్కూల్ డిస్ట్రిక్టుల వంటి ప్రభుత్వ పదవులకు. రక్తసంబంధంలో మూడో అంచె వరకు, వివాహసంబంధంలో రెండో అంచె వరకు అది లెక్కలోకి తీసుకుంటుంది. మీ ప్లాంట్‌కు ఇవేవీ అంటవు. మీకు అంటేది 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడో శీర్షిక. పదిహేను మంది, ఆపైన ఉద్యోగులున్న యజమానులందరికీ అది వర్తిస్తుంది. జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపకూడదన్నది దాని సారం.

బంధువుల నియామకం ఈ చట్టానికి ఎక్కడ తగులుతుందో తెలియాలంటే 1969 నాటి వోగ్లర్ కేసు చూడాలి. న్యూ ఓర్లీన్స్‌లో ఆస్బెస్టాస్ కార్మికుల యూనియన్, లోకల్ 53, తన సభ్యుల కొడుకులకు, దగ్గరి బంధువులకే సభ్యత్వం ఇచ్చేది. సభ్యులంతా తెల్లవారే. కాబట్టి నల్లవారికి, మెక్సికన్ అమెరికన్లకు ఆ తలుపు తెరుచుకునే వీలే లేదు. ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ పద్ధతి చెల్లదంది. టెక్సస్ కూడా ఆ కోర్టు పరిధిలోకే వస్తుంది. ఇప్పుడు మీ ప్లాంట్‌లో లెక్క తిరగబడింది. ఫ్లోర్ మీద ఖాళీలన్నీ ఉన్నవాళ్ల నోటిమాట మీదే నిండుతుంటే, ఊళ్లో ఉన్న నల్లవారికి, తెల్లవారికి, వియత్నామీలకు ఆ ఖాళీ సంగతే తెలియదు. అదే సమయంలో ఆఫీసు ఉద్యోగాలు మేనేజర్ల పిల్లలతో నిండుతుంటే, లాటినో పిల్లలకు ఆ ఖాళీలు కనపడవు. రెండూ ఒకే తప్పు. అందుకే ప్రతి ఖాళీనీ బయట కూడా ప్రకటించాలి: రాష్ట్ర ఉద్యోగ వెబ్‌సైట్, కమ్యూనిటీ కాలేజీ, ప్లాంట్ గేటు, మూడుచోట్లా, కనీసం వారం రోజులు. సిఫార్సు మీద వచ్చిన దరఖాస్తు కూడా ఆ క్యూలోనే చేరాలి.

ఇక బంధుత్వ వెల్లడి పత్రం. ఒక పేజీ చాలు, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. అందులో ఎవరెవరు లెక్కలోకి వస్తారో పేరుపేరునా రాయండి: తల్లిదండ్రులు, పిల్లలు, సవతి సంబంధాలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, అత్తమామలు, బావమరుదులు, వదినలు, మేనమామలు, పినతండ్రులు, వాళ్ల పిల్లలు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. లాటినో కుటుంబాల్లో దీనికి ఇంకొకటి కలపాలి, జ్ఞానస్నాన సంబంధం. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించేటప్పుడు నిలబడిన పద్రీనో, మద్రీనా ఆ బిడ్డ తల్లిదండ్రులకు కంపాద్రే, కొమాద్రే అవుతారు. రక్తసంబంధం లేకపోయినా ఈ బంధం చాలా ఇళ్లలో సొంత అన్నదమ్ములంత గట్టిది. పత్రంలో ఈ గడి లేకపోతే ఎవరూ అబద్ధం చెప్పకుండానే సగం సంబంధాలు బయటకు రావు. ఇది శిక్షించడానికి అడుగుతున్న పత్రం కాదని మొదటి వాక్యంలోనే రాయండి. ఇప్పటికే ఉన్న సంబంధాలు చెప్పుకోవడానికి అరవై రోజులు గడువివ్వండి, ఆ గడువులో చెప్పినవారికి ఏ చర్యా ఉండదని హామీ ఇవ్వండి. ఈ హామీ లేకుండా మొదలుపెట్టిన వెల్లడి ఎక్కడా పనిచేయదు.

ఇంటిపేర్లు పోల్చి బంధువులను పట్టుకుందామని చూడకండి. స్పానిష్ సంప్రదాయంలో మనిషికి రెండు ఇంటిపేర్లు: తండ్రి మొదటి ఇంటిపేరు, తల్లి మొదటి ఇంటిపేరు. తండ్రి గార్సియా లోపెజ్, తల్లి మార్తీనెజ్ రూయిజ్ అయితే బిడ్డ గార్సియా మార్తీనెజ్. పెళ్లయినా చాలామంది స్త్రీలు పేరు మార్చుకోరు. పేరోల్ సాఫ్ట్‌వేర్ రెండో ఇంటిపేరునే అసలు ఇంటిపేరుగా తీసుకుంటే తండ్రి లోపెజ్, కూతురు మార్తీనెజ్ అయిపోతారు. ఇక ప్లాంట్‌లో ఏ సంబంధమూ లేని గార్సియాలు ఇరవై మంది ఉంటారు. ఇంకో చిక్కు, తండ్రీకొడుకులకు ఒకే పేరుండటం. ఒకే పేరు, ఒకే చిరునామా, ఒకే కంపెనీ అయితే కొడుకు జీతం తండ్రి ఖాతాలో పడటం, తండ్రి 401(కె) (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) వాటా కొడుకు పేరున ఎక్కడం, ఒకరి గైర్హాజరీ మరొకరి రికార్డులో చేరడం జరుగుతాయి. రికార్డు వెతికేటప్పుడు ఉద్యోగి సంఖ్యతో పాటు పుట్టిన తేదీ కూడా సరిచూసే నియమం పెట్టండి, పేరుతో వెతకడం మాన్పించండి. పేరు స్పెల్లింగు సోషల్ సెక్యూరిటీ కార్డులో ఎలా ఉందో అలాగే ఎక్కించాలి, లేదంటే ఏడాది చివర డబ్ల్యూ-2, అంటే జీతం, పన్నుల వార్షిక పత్రం, సరిపోలదు.

ఆ తర్వాత అసలు నియమం. బంధువు మీద ప్రత్యక్షంగా గానీ, ఒక మెట్టు పైనుంచి గానీ పర్యవేక్షణ ఉండకూడదు. అయితే చాలా కంపెనీలు ఈ వాక్యం రాసి ఆగిపోతాయి, పొరపాటు అక్కడే. ప్లాంట్‌లో అధికారం సూపర్‌వైజర్ దగ్గర కన్నా లీడ్ దగ్గర ఎక్కువ ఉంటుంది. లీడ్ కూడా గంట జీతం మీదే పనిచేస్తాడు, కాగితం మీద ఎవరికీ పైఅధికారి కాడు. కానీ ఈ రోజు ఫ్రీజర్‌లో ఎవరు, ప్యాకింగ్‌లో ఎవరు, శనివారం ఓవర్‌టైమ్ ఎవరికి, బ్రేక్ ముందు ఎవరికి అన్నది తేల్చేది అతనే. కాబట్టి నియమంలో పదవులు కాదు, పనులు రాయండి: నియామకం, జీతం, షిఫ్టు, రోజువారీ పని కేటాయింపు, ఓవర్‌టైమ్, టైమ్‌కార్డు ఆమోదం, మదింపు, క్రమశిక్షణ, ప్రమోషన్. ఈ తొమ్మిదింటిలో ఏ ఒక్కటీ బంధువు చేతికి రాకూడదు. ఓవర్‌టైమ్ మాత్రం లీడ్ విచక్షణ నుంచి పూర్తిగా తీసేసి, సీనియారిటీ వరుసలో తిరిగే జాబితా గోడ మీద అంటించడం మేలు. ఎవరికి ఇవ్వజూపారో, ఎవరు వద్దన్నారో అదే కాగితం మీద ఉండాలి. కుటుంబాల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఈ ఒక్క కాగితంతో తగ్గిపోతుంది.

మీ కేసులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ప్రాసెస్ ఇంజనీరు ఎవరికీ బాస్ కాదు, కానీ లైన్ వేగం, ఒక్కో స్టేషన్‌లో ఎందరుండాలన్నది ఆమె లెక్కగడుతుంది. తండ్రి లైన్‌నే ఆమె అధ్యయనం చేస్తే ఎలా చేసినా చెడ్డపేరే. మనుషులను తగ్గిస్తే తండ్రి మిత్రులను తీయించిందంటారు, తగ్గించకపోతే తండ్రిని కాపాడిందంటారు. మొదటి రెండేళ్లు ఆమెకు ఇంకో విభాగం ఇవ్వండి. తండ్రి టోర్టియా వైపుంటే ఆమె మాంసం వైపు. ఆ మాట ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. వేరుచేయడానికి రోజువారీ కారణం కూడా ఒకటుంది. ఒకే కుటుంబం నుంచి నలుగురు ఒకే షిఫ్టులో ఒకే లైన్ మీద ఉంటే, ఇంట్లో చావో పెళ్లో వచ్చిన రోజు ఆ లైన్ నడవదు.

ఇంటర్వ్యూకు ముగ్గురు సభ్యులు, అందులో కనీసం ఒకరు వేరే ప్లాంట్ నుంచి. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు. ముగ్గురూ మార్కులు విడివిడిగా రాసి ఇచ్చేశాకే చర్చ. ‘మీ నాన్న ఎలా ఉన్నారు’ అని గదిలో ఎవరూ అడగకూడదు. అభిమానంతో అడిగినా రేపు ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం నాన్న వల్ల వచ్చిందన్న పేరు నిలిచిపోతుంది. ఆమెను కాపాడేది ఆ మార్కుల కాగితమే. మిగతా అభ్యర్థుల కాగితాలతో పాటు దాన్ని భద్రపరచండి.

జీతం దగ్గర ఒక ఉచ్చు ఉంది. చదువుకునే రోజుల్లో ఆమె ఇదే ప్లాంట్‌లో వేసవి పని చేసి ఉంటే, సిస్టమ్‌లో ఆమె పాత గంట జీతం ఉంటుంది. అంతర్గత బదిలీ అనుకొని దాని మీద పది శాతం పెంచి ఆఫర్ తయారుచేస్తే, బయటినుంచి వచ్చిన కొత్త ఇంజనీరు కన్నా చాలా తక్కువ వస్తుంది. లోపలినుంచి ఎదిగే పిల్లలందరికీ ఇది జరుగుతుంది, ఎవరూ గమనించరు. డిగ్రీ ఉద్యోగానికి పాత గంట జీతాన్ని ఆధారం చేయకండి, ఆ ఉద్యోగపు జీతశ్రేణినే చూడండి.

తండ్రి వైపు లెక్క ఇంకోలా ఉంటుంది, ఇది కాగితం మీద వేసి చూపించాల్సిందే. ఉదాహరణకు గంటకు 24 డాలర్లు, వారానికి 52 గంటలు అనుకుందాం. మొదటి 40 గంటలకు 960, మిగతా 12 గంటలకు ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 36 చొప్పున 432. వారానికి 1,392, యాభై వారాలకు 69,600 డాలర్లు. ఇప్పుడు సూపర్‌వైజర్ పదవి, ఏడాదికి 64,000 జీతం, ఓవర్‌టైమ్ లేదు అని చూపిస్తే ఆయన వద్దంటారు. అప్పుడు మేనేజర్లు ‘వాళ్లకు ఎదగాలన్న కోరిక లేదు’ అనేస్తారు. ఆ మాట అనకముందు ఈ లెక్క వేయాలి. ప్రమోషన్ అంటే గత పన్నెండు నెలల మొత్తం సంపాదన కన్నా ఎక్కువ ఇవ్వాలి, లేదా మొదటి రెండేళ్లు ఓవర్‌టైమ్ అర్హత ఉన్న సూపర్‌వైజర్ హోదా ఇవ్వాలి.

తండ్రిని ఆపేది జీతం ఒక్కటే కాదు. మీ ప్లాంట్‌లో ఈ నాలుగూ చూడండి. సూపర్‌వైజర్ ఖాళీకి హైస్కూల్ డిప్లొమా తప్పనిసరా? 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో సుప్రీంకోర్టు, పనికి సంబంధం చూపలేని డిప్లొమా షరతు కొన్ని వర్గాలను ఎక్కువగా మినహాయిస్తే చెల్లదంది. డిప్లొమా నిజంగా అవసరమే అయితే దానికి సమానమైన జీఈడీ పరీక్ష స్పానిష్‌లో రాయవచ్చని ఆయనకు చెప్పండి, చాలామందికి ఈ సంగతి తెలియదు. అంతర్గత ఖాళీలు కంపెనీ ఈమెయిల్ ఉన్నవాళ్లకే కనపడుతున్నాయా? ఫ్లోర్ మీద ఎవరికీ ఈమెయిల్ ఉండదు, బ్రేక్ రూమ్‌లో కాగితం అంటించండి. ఇంగ్లీషు పరీక్ష ఆ పనికి కావలసిన ఇంగ్లీషునే కొలుస్తోందా? షిఫ్టు నివేదిక నాలుగు వాక్యాలు రాయగలగడం వేరు, వ్యాసం రాయడం వేరు. పనిచోట ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడాలన్న మొత్తం నిషేధాన్ని ఈఈఓసీ, అంటే ఉద్యోగ వివక్ష మీద ఫిర్యాదులు చూసే ఫెడరల్ కమిషన్, దశాబ్దాలుగా అనుమానంగానే చూస్తోంది. భద్రత వంటి స్పష్టమైన అవసరం ఉన్నచోట, ఆ వేళకు మాత్రమే అలాంటి నియమం నిలుస్తుంది. నాలుగోది బదిలీ. మంచి విభాగానికి మారితే పాత సీనియారిటీ పోతోందా?

ఈ నాలుగోదాని వెనుక పెద్ద చరిత్ర ఉంది. ఇండియానాలోని ఈస్ట్ షికాగోలో ఇన్‌లాండ్ స్టీల్ 1919 సమ్మె రోజుల్లో మెక్సికన్ కార్మికులను రప్పించింది. తర్వాత వాళ్ల కొడుకులు, మనవలు అదే గేటు లోపలికి వెళ్లారు. కానీ ఉక్కు పరిశ్రమలో నల్లవారికి, మెక్సికన్లకు ఇచ్చినవి ఎక్కువగా వేడి, దుమ్ము ఉండే విభాగాలు. సీనియారిటీ విభాగం లెక్కన ఉండేది. పాతికేళ్లు బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర చేసినవాడు మంచి విభాగానికి మారితే అక్కడ నిన్న చేరినవాడి కింద నిలబడాలి, లేఆఫ్ వస్తే ముందు పోయేది అతనే. అందుకే తండ్రులు కదల్లేదు, కొడుకులు కూడా తండ్రుల విభాగాల్లోకే వెళ్లారు. 1974లో తొమ్మిది ఉక్కు కంపెనీలు, స్టీల్‌వర్కర్స్ యూనియన్, ఫెడరల్ ప్రభుత్వం కలిసి కోర్టు ముందు చేసుకున్న ఒప్పందం దీన్ని మార్చి, ప్లాంట్ మొత్తానికి కలిపి సీనియారిటీ లెక్కించాలంది. మీ హ్యాండ్‌బుక్‌లో ‘విభాగంలో చేరిన తేదీ’ అని ఎక్కడున్నా అక్కడ ‘కంపెనీలో చేరిన తేదీ’ అని మార్చించడానికి ప్రయత్నించండి. యూనియన్ ఉంటే వాళ్లతో బేరమాడి చేయాలి.

ఇంకో ఉదాహరణ దక్షిణ టెక్సస్‌లోనే ఉంది, కింగ్ రాంచ్. 1850ల్లో రిచర్డ్ కింగ్ కరువుపడిన మెక్సికో గ్రామం క్రూయ్యాస్ నుంచి కుటుంబాలను తెచ్చి తన పశుక్షేత్రంలో పెట్టుకున్నాడు. వాళ్ల సంతతిని కినేన్యోలంటారు. తరతరాలు అక్కడే పుట్టి, అక్కడే పనిచేశారు. గుర్రాలు, పశువుల పనిలో వాళ్ల నైపుణ్యం మీదే ఆ క్షేత్రం నిలబడింది. ఇల్లు, తిండి, బడి కూడా యజమానే ఇచ్చాడు. కానీ యాజమాన్యం మాత్రం యజమాని కుటుంబంలోనే ఉండిపోయింది. తరాలు గడిచాయని చెప్పుకునే ముందు, ఏ తరం ఏ మెట్టు మీదికి వచ్చిందో లెక్క చూసుకోవాలి.

చదువు ఖర్చు విషయంలో రెండు పథకాలు ఉంటాయి, వాటిని కలపకండి. మొదటిది ఉద్యోగి సొంత చదువుకు. పన్ను చట్టం 127వ సెక్షన్ కింద కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఇస్తే ఉద్యోగికి దాని మీద ఫెడరల్ ఆదాయపన్ను లేదు. దీనికి రాసిపెట్టిన పథకం ఉండాలి. ఉద్యోగి పిల్లల చదువుకు ఇది వాడకూడదు. తండ్రి మెయింటెనెన్స్ టెక్నీషియన్ కోర్సు చేయాలనుకుంటే ఇది సరిగ్గా సరిపోతుంది. ఫీజు ముందు కట్టించుకొని, పాసయ్యాక తిరిగి ఇస్తామంటే గంట జీతం మీద ఉన్నవాళ్లు చేరలేరు. కాలేజీకి నేరుగా చెల్లించండి. రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్ పెట్టగలిగితే ఇంకా మంచిది: కనీసం 2,000 గంటల పని శిక్షణ, ఏడాదికి 144 గంటల తరగతులు అన్నది సాధారణ కొలత, చేతికి దేశమంతా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. తరగతుల వేళ రెండో షిఫ్టుకు అడ్డొస్తే పథకం కాగితం మీదే ఉంటుంది, షిఫ్టు మార్పు హామీ కూడా రాసివ్వాలి.

రెండోది ఉద్యోగుల పిల్లలకు స్కాలర్‌షిప్. కంపెనీకి చెందిన ఫౌండేషన్ ద్వారా ఇస్తుంటే పన్నుశాఖ 1976 నుంచి కచ్చితమైన షరతులు పెట్టింది. ఎంపిక చేసేవారు కంపెనీకి సంబంధం లేనివారై ఉండాలి. దరఖాస్తు చేసి పరిశీలనకు వచ్చిన పిల్లల్లో 25 శాతానికి గానీ, అర్హులైన పిల్లలందరిలో 10 శాతానికి గానీ మించి ఇవ్వకూడదు. ఇచ్చాక తండ్రి ఉద్యోగం మానేశాడని ఆపకూడదు. చదువయ్యాక మా దగ్గరే చేరాలన్న షరతు అసలే పెట్టకూడదు. ఫౌండేషన్ లేకుండా కంపెనీ నేరుగా పిల్లల ఫీజు కడితే అది తండ్రి జీతంగా లెక్కకొచ్చి ఆయన మీద పన్ను పడే అవకాశం ఎక్కువ, ఇది చేసేముందు పన్ను నిపుణుణ్ని అడగండి.

పదిహేడేళ్ల కొడుకు సంగతి. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం ప్రకారం 16, 17 ఏళ్లవారు గంటల పరిమితి లేకుండా పనిచేయవచ్చు, కానీ ప్రమాదకరమని ప్రకటించిన పనుల దగ్గరికి పోకూడదు. మీ ప్లాంట్‌లో అవి చాలా ఉన్నాయి: మాంసం కోసే, ముక్కలు చేసే కరెంటు యంత్రాలు నడపడం, వాటిని విప్పి కడగడం కూడా, పిండి కలిపే పెద్ద మిక్సర్లు, ఫోర్క్‌లిఫ్ట్, అట్టపెట్టెలు నొక్కే బేలర్ నడపడం. కడగడమే కదా అని రాత్రి శానిటేషన్ షిఫ్టులో పెట్టడమే అన్నిటికన్నా ప్రమాదం. 2023 ఫిబ్రవరిలో మాంసం ప్లాంట్లను శుభ్రంచేసే ఒక పెద్ద కాంట్రాక్టు సంస్థ మీద, 8 రాష్ట్రాల్లోని 13 చోట్ల 102 మంది మైనర్లను పెట్టినందుకు, కార్మికశాఖ సుమారు 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. వాళ్లలో 13 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నారు. తండ్రి పక్కనే ఉండి చూసుకుంటాడన్నది చట్టం ముందు నిలవదు. తల్లిదండ్రులకిచ్చే మినహాయింపు వ్యాపారం పూర్తిగా తమదే అయినప్పుడు, సొంత పిల్లలకు మాత్రమే. అక్కడ కూడా తయారీ, ప్రమాదకర పనులు దాని కిందకు రావు. ఇదే నియమం అమెరికాలో మోటెళ్లు, రెస్టారెంట్లు నడిపే మనవాళ్లకూ వర్తిస్తుంది. కొడుకుకు ఆఫీసులో గానీ, ల్యాబ్‌లో నమూనాల నమోదు దగ్గర గానీ పనివ్వండి. చేయకూడని యంత్రాల జాబితా బొమ్మలతో అతనికీ, అతని లీడ్‌కీ ఇవ్వండి. వయసు రుజువు ఫైలులో ఉంచండి.

ఐ-9, అంటే అమెరికాలో పనిచేసే అర్హతను సరిచూసే ఫారం, ఎవరిది వారిదే. మొదటి భాగం చేరిన రోజుకల్లా ఉద్యోగి నింపాలి, రెండో భాగం మూడు పనిదినాల్లో మీరు నింపాలి. ఏ పత్రాలు చూపాలో ఎంచుకునేది ఉద్యోగి. ఇంటిపేరు చూసి గ్రీన్ కార్డే కావాలనడం చట్టవిరుద్ధం. డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు చూపితే చాలు. కూతురు చేరుతోందని తండ్రి పాత ఫారం తీసి చూడటం, తల్లిదండ్రుల స్థితి గురించి ఆమెను అడగడం రెండూ చేయకండి. గ్రీన్ కార్డు గడువు తీరిందని ఉన్న ఉద్యోగిని మళ్లీ తనిఖీ చేయకూడదు. చిన్నప్పుడే అమెరికా వచ్చి చట్టపరమైన హోదా లేనివారి కోసం 2012లో వచ్చిన డాకా కింద పని అనుమతి ఉన్నవారికి గడువు ఉంటుంది, దాన్ని పునరుద్ధరించడానికి 120 నుంచి 150 రోజుల ముందే దరఖాస్తు పెట్టమని వలసశాఖ సూచిస్తుంది. మీ క్యాలెండర్‌లో 180 రోజుల ముందు గుర్తు పెట్టుకొని ఆ ఉద్యోగికి ఏకాంతంగా చెప్పండి.

ఎప్పుడో పాత ఉద్యోగి ఒకరు వచ్చి, ఇన్నాళ్లూ వేరే పేరుతో పనిచేశాను, ఇప్పుడు చట్టబద్ధంగా అనుమతి వచ్చింది అనవచ్చు. వెంటనే తీసేయాలని వలసచట్టం అనదు. కొత్త ఐ-9 చేయించి, పాతదానికి జతచేసి, వివరణ రాసిపెట్టాలి. అబద్ధం చెప్పినవారిని తీసేస్తామన్న నియమం మీ కంపెనీకి ఉంటే దాన్ని అందరికీ ఒకేలా అమలు చేశారా అన్నది ప్రశ్న అవుతుంది. ఆ రోజు న్యాయవాదికి ఫోన్ చేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ ఒక్క ఉద్యోగి వెనుక అదే ప్లాంట్‌లో పిల్లలు, అన్నదమ్ములు ఉంటారు. మీరు ఎలా చేశారన్నది సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

తండ్రి యూనియన్ సభ్యుడై, కూతురు ఇంజనీరింగ్‌లో ఉంటే సమ్మె వచ్చినప్పుడు లైన్ నడపమని ఆమెను పిలుస్తారు. తండ్రి గేటు బయట ఉంటాడు. అలాంటి పని ఆమెకు ఇవ్వబోమని ముందే రాసుకోవడం మంచిది, సమ్మె మొదలయ్యాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు. జీతాల గురించి ఇంట్లో మాట్లాడుకోవద్దని ఎవరికీ చెప్పకండి. 1935 కార్మిక సంబంధాల చట్టం సూపర్‌వైజర్లు కాని ఉద్యోగులకు ఆ హక్కు ఇచ్చింది. ఆమెను పేరోల్‌లోనో హెచ్‌ఆర్‌లోనో వేస్తే మాత్రం పరిస్థితి వేరు. తండ్రి ఫైలు, ఆయన తోటివాళ్ల ఫైళ్లు ఆమెకు తెరుచుకోకుండా సిస్టమ్‌లోనే అడ్డుపెట్టాలి.

బీమా, సెలవుల వంటి ఉద్యోగ ప్రయోజనాల గురించి కుటుంబానికే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇరవై ఆరేళ్లు నిండేదాకా కూతురు తండ్రి ఆరోగ్య బీమాలో ఉండవచ్చు. చాలా పథకాలు ఒకే మనిషిని ఉద్యోగిగానూ, ఆధారితురాలిగానూ రెండుసార్లు చేర్చుకోవు కాబట్టి రెండు ప్రీమియంలు పోల్చి ఒకటి ఎంచుకోవాలి. నాయనమ్మకు జబ్బు చేస్తే 1993 కుటుంబ వైద్య సెలవు చట్టం కింద తండ్రికి 12 వారాల సెలవు హక్కుంది, ఎందుకంటే ఆమె ఆయన తల్లి. మనవరాలికి ఆ హక్కు సాధారణంగా లేదు, నాయనమ్మే పెంచి ఉంటే తప్ప. ఒకే కంపెనీలో ఇంటికి రెండు జీతాలంటే ఆ కంపెనీ మూతపడినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. 401(కె)లో కంపెనీ షేర్లు ఎక్కువ పెట్టుకోవద్దని ఇద్దరికీ చెప్పండి.

‘లాటినో కుటుంబాల కార్యక్రమం’ అని పేరుపెట్టి వేరే వారిని చేర్చుకోకుండా నడపకండి. సభ్యత్వాన్ని ఒక వర్గానికే పరిమితం చేసే ఉద్యోగుల బృందాల మీద ఈఈఓసీ 2025 మార్చిలో హెచ్చరిక పత్రం ఇచ్చింది. అందరు ఉద్యోగుల పిల్లలకూ ప్లాంట్ చూపించే రోజు, అందరికీ ఒకే స్కాలర్‌షిప్, అందరికీ మెంటర్లు అని పెట్టండి. సమాచారం మాత్రం స్పానిష్‌లో కూడా ఇవ్వండి. మీ ప్లాంట్‌లో అసలు తేడా తెచ్చేది అదే.

చివరిది ఒకటి, ఎక్కువ కంపెనీలు దీని గురించి ఆలోచించవు. ఇలాంటి ఇళ్లలో చిన్నప్పటి నుంచి బ్యాంకులో, ఆసుపత్రిలో, స్కూల్లో తల్లిదండ్రులకు దుబాసీలు పిల్లలే. కూతురు అదే భవనంలో ఉందని తండ్రి మదింపుకో, గాయం విచారణకో, హెచ్చరిక లేఖ చదివి వినిపించడానికో ఆమెను పిలవడం మేనేజర్లకు చాలా తేలిక. ఎప్పుడూ చేయనివ్వకండి. తన కూతురి నోటితో తన తప్పులు విన్న తండ్రి ఆ గదిలో నిజం చెప్పడు. తండ్రి క్రమశిక్షణ ఫైలు తెలిసిన ఇంజనీరుగా ఆమె ఆ ఫ్లోర్ మీద నిలబడలేకపోతుంది. ఫోన్‌లో వృత్తి దుబాసీ సేవకు నిమిషాల లెక్కన ఖాతా తెరవండి, నంబరు ప్రతి సూపర్‌వైజర్ బల్ల మీద అంటించండి, బిల్లు హెచ్‌ఆర్ పద్దులో వేయండి. సూపర్‌వైజర్ పద్దులో వేస్తే ఖర్చు తగ్గించుకోవడానికి వాళ్లు మళ్లీ కూతురినే పిలుస్తారు.